గాలి ఎలా ఉంది?

సొరంగం పైకప్పు ఆమె ముఖానికి మూరెడు ఎత్తులో ఉంది. నీళ్లలో వెల్లకిలా తేలుతూ, లైటు పైకి పట్టి, ఆమె ఆ కప్పుని అంగుళం అంగుళం చదువుతోంది. పాత సిమెంటు, అక్కడక్కడా తుప్పు మరకలు, కమ్మీల పక్కన గోరంత నాచు. పగులు మాత్రం ఇంకా దొరకలేదు. దొరికి తీరుతుంది. ముందున్న ఆ మలుపు దాటితే చాలు, దొరుకుతుంది. గుండె అప్పటికే డప్పు కొడుతోంది, భయంతో కాదు, సంబరంతో. జట్టులో ఇంతమంది మగవాళ్లుండగా ఈ సొరంగంలోకి కొత్త పరికరంతో మొదట దిగే అవకాశం తనకొచ్చింది మరి!

సరిగ్గా అప్పుడే ఊపిరి మొండికేసింది.

పీల్చింది. రాలేదు. వచ్చింది గాని, అవతల ఎవరో గొట్టం బిగించి పట్టుకుని "ఇవ్వను పో" అన్నట్టు వచ్చింది. మళ్లీ పీల్చింది. పక్కటెముకలు నొప్పి పుట్టేలా లాగితే సగం ఊపిరి దక్కింది. పరికరం తాలూకు చిన్న తెరని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఆక్సిజన్ అంకె ఉండాల్సిన చోటే ఉంది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. యంత్రం తన తప్పేమీ లేదంటోంది. ఊపిరితిత్తులు ఒప్పుకోవడం లేదు.

ఆ పరికరం పేరు రీబ్రీదర్. మామూలు డైవర్లు సిలిండర్లోంచి గాలి పీల్చి బుడగలుగా నీళ్లలోకి వదిలేస్తారు. ఇందులో ఆ దుబారా లేదు. వదిలిన ఊపిరి గొట్టంలోంచి ఛాతీ మీదున్న సంచిలోకి పోతుంది, సున్నం డబ్బాలో శుభ్రపడుతుంది, కాస్త ఆక్సిజన్ కలుపుకుని తిరిగి నోటికే వస్తుంది. ఒక్క బుడగ బయటికి రాదు. ఈ సొరంగానికి కావలసింది అదే. అంతకుముందు మామూలు సిలిండర్లతో దిగితే బుడగలు కప్పుకి తగిలి, ఏళ్లనాటి తుప్పూ మట్టీ రాలి, నీళ్లన్నీ టీ రంగుకి తిరిగాయి. ఇక పగులేం కనిపిస్తుంది, చేతి వేళ్లే కనిపించలేదు. పోనీ వీపు మీద కట్టుకునే రీబ్రీదర్ తెద్దామంటే, అది కప్పుకి వేలాడే ఇనుప కమ్మీల్లో చిక్కుకుంటుంది. అందుకే ఛాతీ మీద కట్టుకునేది చేయించారు.

వెనక్కి వెళ్లిపోదామని ఆమె బోర్లా తిరిగింది.

ఊపిరి వచ్చేసింది! లాగక్కర్లేదు, అడగక్కర్లేదు. ఎవరో ప్రేమగా నోట్లో పోసినట్టు నిండా వచ్చింది.

ఇదేం విచిత్రం? మళ్లీ వెల్లకిలా తిరిగింది. మొండి. బోర్లా తిరిగింది. హాయి. ఇంకోసారి తిప్పి చూద్దామన్న సరదా పుట్టింది గాని కణతల దగ్గర సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఊపిరి కోసం కుస్తీ పట్టినకొద్దీ వాడేసిన గాలి ఒంట్లోనే పేరుకుపోతుందని, తలనొప్పి దానికి మొదటి కబురని, రెండో కబురు వినడానికి మనిషి మిగలకపోవచ్చని ఆమెకి తెలుసు. నడుముకి కట్టిన తాడు లాగి, తాను వస్తున్నట్టు చెప్పి, వెనక్కి తిరిగింది.

మెట్ల మీద కూర్చుని మాస్కు తీసేసరికి జట్టంతా చుట్టూ చేరింది. ముందు సరంగు. ఒకప్పుడు పడవ నడిపినవాడు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ఈ డైవర్ల జట్టుకి పెద్ద. ఇనుప గుండు లాంటి మనిషి, అరచేతుల నిండా తాడు కాయలు.

"గాలి ఎలా ఉంది?" అన్నాడు సరంగు.

ఇది ప్రశ్న కాదు. ఆ జట్టులో ఆనవాయితీ. ఎవరు పైకొచ్చినా సరంగు ఇదే అడుగుతాడు. ఎవరైనా ఒకటే జవాబు చెప్పాలి: "వెన్నలా ఉంది." నీళ్లలోంచి పైకొచ్చిన మనిషి నోట మొదట మంచి మాట రావాలని సరంగు పట్టుదల. కాళ్లు తిమ్మిరెక్కినా వెన్నే, గొట్టంలోకి నీళ్లొచ్చినా వెన్నే. ఆ తరవాత ఏం చెప్పుకున్నా ఫరవాలేదనేవాడు. కానీ వెన్న అన్నాక ఇంకేం చెప్పుకుంటారు?

"బాగాలేదు," అంది ఆమె.

ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. సరంగు కనుబొమలు ముడిపడ్డాయి.

"వెల్లకిలా పడుకుంటే ఊపిరి రావట్లేదండీ. బోర్లా తిరిగితే వస్తోంది."

"అదేం యంత్రమమ్మా, నువ్వు ఎటు తిరిగావో చూసుకుని గాలిస్తుందా?" ఆ గొంతు మొసలిది. జట్టులో అందరికన్నా గట్టివాడు. నీళ్లలో గంటలకొద్దీ కదలకుండా ఉండగలడని ఆ పేరు. "బుడగా, నువ్వు కంగారు పడ్డావు. చెప్పుకో, తప్పులేదు."

బుడగ అంటే ఆమే. కొత్తలో గాలి ఎక్కువ వాడేసేదని పెట్టిన పేరు. గాలి పొదుపులో ఇప్పుడు సగం జట్టుకన్నా ఆమే మేలు. పేరు మాత్రం జిగురులా అంటుకుపోయింది.

సరంగు పరికరాన్ని విప్పించాడు. కవాటాలు ఊది చూశాడు. సున్నం డబ్బా తెరిచాడు. సున్నం తాజాగా ఉంది. సంచీలు పిండి చూశాడు. ఎక్కడా కారడం లేదు. మొసలి దాన్ని తగిలించుకుని షెడ్డు వెనకున్న పరీక్ష కొలనులో దూకి, అడుగున గచ్చు చూసుకుంటూ అటూ ఇటూ ఈది పైకొచ్చాడు.

"గాలి ఎలా ఉంది?"

"వెన్న!"

సరంగు ఆమె వైపు తిరిగాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "శనివారం గేట్లెత్తి ఈ సొరంగంలోంచి ఊరికి నీళ్లొదలాలి. ఆలోగా పగులెక్కడుందో తేలకపోతే నీటి ఒత్తిడికి అది నోరు తెరుస్తుంది. నీతో ఆటలాడే టైం లేదు నాకు. ఎల్లుండి మొసలి దిగుతాడు. నువ్వు గట్టు మీద తాడు పట్టుకో."

తాడు పట్టుకోవడం చిన్న పనేం కాదు. కానీ నీళ్లలోకి దిగిన మనిషికి తాడు ఇచ్చారంటే ఆ జట్టులో దానర్థం ఒకటే. ఇక నువ్వు దిగక్కర్లేదని.

*

"నా యంత్రంలో లోపముందా?" బావ చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద పెట్టేశాడు. పెట్టాడు అనడం మర్యాదకి. అది అవతలి గోడకి తగిలింది.

రీబ్రీదర్ చేసింది బావే. ఇంటి ముందు గది వర్క్‌షాపు, వెనక రెండు గదులు కాపురం. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు అక్క కూర్చుని ఉంది. ఊపిరి సంచీలు కుట్టి, అతుకులకి జిగురు పూసేది అక్కే. కాబట్టి ఆ మాట మొగుడికి ఎంత తగిలిందో పెళ్లానికీ అంతే తగిలింది.

"లోపమని నేననలేదు బావా. ఊపిరి రాలేదన్నాను."

"నా సంచి కారిందా?" అంది అక్క మిషను ఆపి.

"కారలేదే తల్లీ."

"మరి నీకెందుకు రాలేదు? నీ ముక్కు చిన్నప్పటినుంచీ అంతే. జలుబు చేసిందా?"

"ముక్కుతో పీల్చనక్కా, నోటితో..."

"నోటికేం తక్కువ లేదులే నీకు."

బావ నవ్వలేదు. గోడవారన పెద్ద నీటి తొట్టి ఉంది. దాని పక్కన ఊపిరి తీసే పంపు. అది మనిషిలా లోపలికి బయటికి గాలి ఆడిస్తుంటే, పరికరాన్ని తొట్టిలో నిలబెట్టి ఎంత బలంగా లాగాల్సి వస్తోందో ముల్లు చూసి తెలుసుకుంటారు. బావ ఆ ముల్లు వైపు వేలు చూపించాడు. "దాని ముందు నిలబెట్టి ఎన్నిసార్లు పరీక్షించానో దానికే తెలుసు. ముల్లు అటు ఇటు కాలేదు. ఛాతీ మీద అంత సుఖంగా ఊపిరాడే యంత్రం ఇంకోటి చూపించు, దీన్ని పాత ఇనుము వాడికేసేస్తా."

"బోర్లా తిరిగితే నిజంగానే సుఖం బావా. ఒట్టు. వెల్లకిలా పడుకుంటేనే..."

బావ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"వెల్లకిలా పడుకుంటే రావట్లేదని..."

"వెల్లకిలా ఎందుకు పడుకున్నావు?"

"పగులు కప్పులో ఉంది కదా. కప్పు చూడాలంటే వెల్లకిలా పడుకోవద్దూ?"

బావ స్టూలు మీద కూలబడ్డాడు. నుదురు కొట్టుకున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "నాకు సొరంగం అన్నారే! సొరంగంలో ఈదాలి, బుడగలు రాకూడదు, వీపు మీద ఏమీ ఉండకూడదు అన్నారు. ఈదడమంటే ఎవడైనా బోర్లా ఈదుతాడనుకుంటాడు! కప్పు చూస్తూ పడుకుంటారని ఒక్కడు చెప్పాడా నాకు? మీ సరంగు చెప్పాడా?"

"నువ్వడిగావా?" అంది అక్క.

బావ గోడ దగ్గర పడ్డ స్పానరు తీసి, ఈసారి నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"సరేలే, నాకర్థమయ్యేలా చెప్పు," అంది అక్క. "వెల్లకిలా పడుకుంటే ఏమవుతుంది?"

బావ చుట్టూ చూసి, కుట్టగా మిగిలిన రెండు చిన్న సంచీలు తీసుకున్నాడు. వాటి మధ్య జానెడు గొట్టం బిగించి, ఒకదాంట్లో గాలి ఊది, రెండూ తొట్టిలో ముంచాడు. "ఇది మరదలి ఊపిరితిత్తి. ఇది నీ సంచి. ఇప్పుడు మరదలు బోర్లా ఈదుతోంది. సంచి కింద, ఊపిరితిత్తి పైన. చూడు."

కిందున్న సంచి నీటి బరువుకి ముడుచుకుంది. గాలంతా గొట్టంలోంచి పైనున్న దాంట్లోకి బుసబుసా ఎక్కింది. అది పొంగిన పూరీలా నిండింది.

"అందుకే పోసినట్టు వచ్చింది!" ఆమె ఎగిరి గంతేసింది.

"ఇప్పుడు మరదలు వెల్లకిలా తిరిగింది." బావ చేతులు తిప్పాడు. పైనున్నది కిందికి, కిందున్నది పైకి. అప్పటిదాకా నిండుగా ఉన్న సంచి వాడిపోయింది. గాలి పరుగెత్తి పైనున్న దాంట్లో చేరి కూర్చుంది. "గాలికి పైన ఉండడమే ఇష్టం. కిందికి రమ్మంటే రాదు. దాన్ని ఛాతీ బలంతో ఒక్కో ఊపిరీ కిందికి లాగాలి. కాసేపు లాగొచ్చు. తేలిగ్గా ఉన్నప్పుడు లాగొచ్చు. పని చేస్తూ, లైటు పట్టుకుని, అంత దూరం..." బావ తొట్టిలోంచి చేతులు తీసేశాడు. నీళ్లు మోచేతుల నుంచి కారుతున్నా తుడుచుకోలేదు. "ఎల్లుండి ఎవరు దిగుతున్నారన్నావు?"

"మొసలన్న."

"ఆపెయ్యి. ఎలాగైనా ఆపు."

"ఆపితే పగులెవరు చూస్తారు బావా? శనివారం గేట్లెత్తుతారు. కప్పు చూడాలి, బోర్లా ఉండాలి. రెండూ కావాలి."

ముగ్గురూ కాసేపు తొట్టిలోకి చూస్తూ నిలబడ్డారు. నిశ్చలమైన నీళ్లలో ముగ్గురి ముఖాలూ, వాటి వెనక గది పైకప్పూ, దానికి వేలాడుతున్న బల్బూ కనిపించాయి.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి తలెత్తారు.

"అద్దం!"

అక్క అప్పటికే లేచి స్నానాల గదిలోకి పరుగెత్తింది. మేకు ఊడిన చప్పుడు. "ఏయ్, అది నేను గడ్డం గీసుకునే అద్దం!" అని బావ అరిచేలోపు అది వర్క్‌షాపు బల్ల మీద ఉంది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె సరంగు ముందు నిలబడి అంతా చెప్పింది. రెండు సంచీలు, గొట్టం వెంట తెచ్చి కొలను గట్టున ముంచి చూపించింది. సరంగు వంగి చూశాడు. ఆయన మూర్ఖుడు కాదు. గడ్డం నిమురుకున్నాడు.

"సంచీల సంగతి సరే. మనుషుల సంగతి చూద్దాం. మొసలీ! తగిలించుకో. కొలనులో వెల్లకిలా పడుకో. నేను తాడు లాగేదాకా లేవకు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇంకేం, తేలిపోతుంది.

మొసలి కొలను అడుగున వెల్లకిలా పడుకున్నాడు. పైనుంచి చూస్తే గాజు పలక కింద పడుకున్నట్టు స్పష్టంగా ఉన్నాడు. బుడగలు లేవు, కదలిక లేదు. ఆమె మాత్రం అతని మెడనే చూస్తోంది. ఒక్కో ఊపిరికీ మెడ నరాలు తాళ్లలా లేచి పడుతున్నాయి. పిడికిళ్లు బిగుసుకున్నాయి. మిగతావాళ్లు అతని ముఖం చూస్తున్నారు. ముఖం మాస్కులో ఉంది, దానికేం తెలుస్తుంది?

చాలాసేపటికి సరంగు తాడు లాగాడు. మొసలి పైకొచ్చాడు. మౌత్‌పీస్ తీయగానే, ఎవరికీ కనిపించకుండా ముఖం పక్కకి తిప్పి, నోరంతా తెరిచి బయటి గాలి ఒక్క గుక్కలో మింగాడు. ఎండలో నడిచొచ్చినవాడు చెంబెత్తి తాగినట్టు.

"గాలి ఎలా ఉంది?"

మొసలి ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలో తాడు చుట్ట ఉంది. అతని చూపు ఆ తాడు మీద ఆగింది.

"వెన్న," అన్నాడు.

"అబద్ధం!" అంది ఆమె.

జట్టంతా గొల్లుమంది. "ఇక ఆపమ్మా," అన్నాడు సరంగు, ఈసారి విసుగ్గా. "నా కళ్ల ముందే పడుకున్నాడు, లేచాడు. రేపు దిగుతాడు. నీ అద్దం ఇంట్లో పెట్టుకుని జడేసుకో."

జట్టు చెదిరిపోయాక, మొసలి గొట్టాలు కడుగుతుంటే ఆమె పక్కకి వెళ్లి కూర్చుంది. ఆమె మంచినీళ్ల పంపు తిప్పి పట్టింది, అతను గొట్టం మడతలు కడిగాడు.

"అన్నా, నీ మెడ చూశాను."

"మెడకేమైంది? బాగుంది కదా." అతను నవ్వాడు గాని నవ్వు కళ్లదాకా రాలేదు.

"పోనీ ఒక్క మాట విను. రేపు తాడు నా చేతిలో ఉంటుంది. ఒక లాగు అంటే బాగున్నావా అని. మూడంటే వచ్చెయ్యమని. ఇవి అందరికీ తెలిసినవే. మనిద్దరి మధ్యా ఇంకోటి పెట్టుకుందాం. పొడుగ్గా రెండుసార్లు లాగితే, ఏం ఆలోచించకుండా బోర్లా తిరిగెయ్యి. అంతే. ఎవరికీ చెప్పొద్దు. నువ్వు తిరిగావని కూడా ఎవరికీ తెలియదు."

"నువ్వు భలే దానివే బుడగా. గట్టు మీద కూర్చుని నన్ను దోసెలా..." అని, మాట మింగి, గొట్టం విదిలించాడు. "నన్ను అటూ ఇటూ తిప్పుతానంటావు."

"తిరుగుతావా లేదా?"

మొసలి పంపు కట్టేశాడు. గొట్టం ఎండకి వేలాడదీసి వెళ్లిపోయాడు.

*

మొసలి దిగే రోజు సొరంగం నోటి దగ్గర గేట్లు చూసే ఇంజనీరుతో సహా అందరూ చేరారు. బావ కూడా వచ్చాడు, గడ్డం మీద రెండు చోట్ల తెగిన గాట్లతో, చంకలో పాత దుప్పటి చుట్టిన అద్దంతో. అద్దానికి అడుగున కర్ర పిడి, పక్కన లైటూ కెమెరా బిగించే కమ్మీ. దాన్ని సరంగు ఒకసారి చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

ఆమె మొసలికి పట్టీలు బిగించింది. ఛాతీ పట్టీ ఒక మెట్టు వదులు చేసింది. ఊపిరికి పక్కటెముకలు విచ్చుకునే చోటుండాలి. కాళ్ల మధ్య పట్టీ గట్టిగా లాగింది, లేకపోతే సంచి గడ్డం దాకా ఎక్కుతుంది. మొసలి చేతులెత్తి బుద్ధిగా నిలబడ్డాడు. ఏ జోకూ వెయ్యలేదు. అదే ఆమెకి భయం పుట్టించింది.

అతను మునిగాడు. నీళ్లు మూసుకున్నాయి.

రీబ్రీదర్‌తో దిగిన మనిషి గురించి గట్టు మీదున్నవాళ్లకి తెలిసేది ఏమీ ఉండదు. బుడగలుంటే అవి చెబుతాయి, ఇక్కడున్నాడని, బతికున్నాడని. ఇక్కడ నల్లటి నీళ్లు, వాటిలోకి జారిపోతున్న తాడు. అంతే. ఆమె తాడుని బిగించలేదు, వదల్లేదు. చూపుడు వేలు మీదుగా పోనిస్తూ దాని నడక వింటోంది. జారడం, చిన్న ఆగు, జారడం, చిన్న ఆగు. కాలి తట్టు, చూపు, కాలి తట్టు, చూపు. బాగుంది. ఒక లాగు లాగింది. ఒక లాగు తిరిగి వచ్చింది.

"వెళ్తున్నాడు," అంది.

"ఎందుకెళ్లడు?" అన్నాడు సరంగు.

మలుపు వచ్చుంటుంది. తాడు గోడ అంచుకి రాసుకుంటున్న వణుకు వేలికి తెలిసింది. జారడం, ఆగు. జారడం, పెద్ద ఆగు. కొంచెం జారి, మళ్లీ ఆగు. ఆ ఆగు ఎంతకీ తెమల్లేదు.

ఒక లాగు లాగింది. జవాబు లేదు.

"పగులు దొరికుంటుంది. చూస్తున్నాడు," అన్నాడు సరంగు.

ఇంకోసారి లాగింది. ఈసారి జవాబొచ్చింది గాని అది లాగు కాదు. నిద్రలో చెయ్యి కదిలినట్టు, తాడు మీద ఒక తడబాటు.

ఆమెకి తెలుసు అది. ఆ చీకటిలో మూరెడు ఎత్తున కప్పు, పచ్చ దీపం అంతా బాగుందంటుంటే, ఊపిరి ఇవ్వను పొమ్మంటుంటే, తల మొద్దుబారి, తప్పెక్కడుందో వెతుక్కునే ఓపిక కూడా లేని ఆ క్షణం. మూడు లాగులు లాగితే? వెల్లకిలా ఉన్నవాడు కంగారుగా తిరిగి కమ్మీల్లో చిక్కుకుంటే? తాడు పట్టి ఈడ్చేస్తే మలుపు దగ్గర ఇరుక్కోడా?

"లాగెయ్యండి!" బావ అరిచాడు.

"వద్దు!" అంది ఆమె.

తాడు రెండు చేతులా పట్టుకుంది. మోకాళ్లు గచ్చుకి ఆనించి, పొడుగ్గా, నిదానంగా, ఒకసారి లాగింది. వదిలింది. మళ్లీ పొడుగ్గా లాగింది.

"ఏం లాగుడది? ఎవరు నేర్పారు నీకు?" సరంగు ముందుకొచ్చాడు.

ఆమె వినిపించుకోలేదు. మళ్లీ పొడుగ్గా రెండు. తిరుగు అన్నా. ఏం ఆలోచించకు. తిరుగు.

తాడు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

అంతలో అది మెలి తిరిగింది. వేలి మీద స్పష్టంగా, పాము కదిలినట్టు, మెలిక ఒకటి దొర్లి వెళ్లింది. అవతల మనిషి దొర్లితే తప్ప తాడు అలా దొర్లదు.

"తిరిగాడు!" ఆమె కేక వేసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "బావా, తిరిగాడు!"

కాసేపటికి ఒక లాగు వచ్చింది. గట్టిగా, సూటిగా. ఆ వెంటనే తాడు వదులవడం మొదలైంది. ఆమె చుట్టలు చుట్టుకుంటూ పోయింది. చుట్ట మీద చుట్ట పడుతుంటే అంతకన్నా అందమైన పని లోకంలో లేదనిపించింది.

మొసలి పైకొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. మాస్కు తీశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలు పాలిపోయాయి. తల రెండు చేతులా పట్టుకున్నాడు.

సరంగు ఎదురుగా నిలబడ్డాడు. అలవాటు మనిషిని ఎంత ముందుకు తోస్తుందో, ఆ స్థితిలో కూడా ఆయన నోట అదే వచ్చింది.

"గాలి ఎలా ఉంది?"

మొసలి చాలాసేపు ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. చివరికి తలెత్తకుండా అన్నాడు.

"నిన్న కొలనులోనే లేదు సరంగుగారూ."

"మరి వెన్నన్నావు?"

"ఇంకేమన్నా అంటే తాడు చేతికిస్తారు కదండీ." అతను వేలితో ఆమె వైపు చూపించాడు. "ఆ పిల్లకి ఇచ్చారుగా."

ఇంజనీరు దగ్గబోయి మానుకున్నాడు. సరంగు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు, ఆ కాయలు మొదటిసారి కనిపించినట్టు. తరవాత నడిచొచ్చి ఆమె ముందు ఆగాడు.

"ఆ అద్దం ఏదీ?"

బావ అప్పటికే దుప్పటి విప్పేస్తున్నాడు.

సరంగు ఆమె చేతుల్లోంచి తాడు చుట్ట తీసుకున్నాడు. లాక్కోలేదు, అడిగి తీసుకున్నాడు. ఒక చివర ఆమె నడుముకి తానే కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. రెండో చివర తన అరచేతికి చుట్టుకుని గట్టు మీద గచ్చు మీదే చతికిలబడ్డాడు. ఆయన అలా కూర్చోవడం జట్టులో ఎవరూ చూసి ఎరగరు.

"ఆ పొడుగు లాగులు నాకూ నేర్పు," అన్నాడు.

*

బావ సున్నం మార్చాడు, గొట్టాలు కడిగి బిగించాడు. ఎండ నడినెత్తికి ఎక్కే వేళకి ఆమె సొరంగంలో ఉంది.

బోర్లా ఈదుతోంది. చాచిన చేతుల్లో అద్దం పళ్లెంలా ఉంది. దానిలోకి చూస్తే, అబ్బ! పైకప్పంతా కింద పరుచుకుంది. తను నీళ్లలో ఈదుతున్నట్టు లేదు, సిమెంటు నేల మీదుగా ఎగురుతున్నట్టుంది. కమ్మీలు కింద చెట్లలా జారిపోతున్నాయి, తుప్పు మరకలు చెరువుల్లా. ఊపిరి అడగకుండానే వచ్చి నిండుతోంది. వదిలేటప్పుడు మాత్రం ఛాతీ మీది సంచి కాస్త నెట్టుడు కోరుతోంది, బెలూను ఊదినట్టు. అది కూడా ఆమె శ్రద్ధగా గమనించి గుర్తు పెట్టుకుంది.

మలుపు దాటింది.

అద్దంలో, సరిగ్గా తన గడ్డం కింద, సన్నటి నల్ల గీత ఒకటి మొదలైంది. ముందు అద్దం మీద వెంట్రుక అనుకుంది. వేలితో తుడిచింది. పోలేదు. గీత వెంట ఈదింది. అది లావైంది. రెండుగా చీలింది. ఒక పాయ గోడ మీదికి దిగింది. అక్కడ గీత కాదు, చెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి సన్నగా మట్టి రాలి నీళ్లలో పొగలా వేలాడుతోంది.

నవ్వొచ్చింది. మౌత్‌పీస్ పళ్ల మధ్య ఉండగా నవ్వితే నీళ్లు లోపలికొస్తాయి. పళ్లు బిగించి, కళ్లతో నవ్వుకుంటూ, కెమెరా గీత మొదలు నుంచి చివరిదాకా నడిపించింది. తాడు ఒకసారి మర్యాదగా కదిలింది. బాగున్నావా? ఆమె బలంగా ఒకటి లాగింది. బాగున్నాను!

పైకొచ్చేసరికి గట్టు మీద కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు, సరంగు తప్ప. మిగతా అందరూ నీటి అంచున వంగి నిలబడి ఉన్నారు. మొసలి అందరికన్నా ముందు చెయ్యి చాచి ఆమెని మెట్టు మీదికి లాగాడు. ఆమె మాస్కు తీసి, కెమెరా ఎత్తి చూపించింది. ఇంజనీరు దాన్ని అందుకుని తెర చూశాడు. చూస్తూనే జేబులోంచి ఫోను తీసి, "శనివారం గేట్లు ఎత్తొద్దు. చెబుతున్నాగా, ఎత్తొద్దు," అని అరుచుకుంటూ గట్టెక్కాడు. బావ గాట్ల గడ్డం నిమురుకుంటూ, ఏడుపో నవ్వో తెలియకుండా నిలబడ్డాడు.

సరంగు తాడు పట్టుకునే లేచి దగ్గరికి వచ్చాడు.

"గాలి ఎలా ఉంది?"

జట్టంతా ఆమె నోటి వైపు చూసింది. వెన్న అనేస్తే అయిపోతుంది. ఈసారి దాదాపు నిజమే కూడా.

"పీల్చేటప్పుడు వెన్నండీ," అంది ఆమె. "వదిలేటప్పుడు మాత్రం కొంచెం మొండి."

ఎవరూ నవ్వలేదు. సరంగు తల పంకించాడు. చేతికి చుట్టుకున్న తాడు మెల్లగా విప్పుకుంటూ ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి వెనక రెండో ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఎంత మొండి? చెప్పు."